ఎవరూ ముట్టని ఫైలు మారినదెట్లు?

"ఈ ఫైలును మీరు తెరచిన తరువాత ఎవరో మార్చినారు. క్రొత్త ప్రతిని మరల చదవవలెనా, మీ ప్రతినే ఉంచవలెనా?" కంప్యూటరు ముందు కూర్చుని వ్రాతపని చేసేవారిలో ఈ ప్రశ్న ఎదురుకాని వారు అరుదు. ప్రశ్న వచ్చిన ప్రతిసారీ మనం చేసే పని కూడా ఒక్కటే. గదిలో మరెవరూ లేరు; ఫైలును తెరచినది మనమే; మార్చినవాడెవడూ కనబడడు. కనుక యంత్రానికి ఏదో భ్రమ కలిగినదని తీర్మానించుకొని, చేతికి అందిన మీట నొక్కి ముందుకు సాగిపోతాము.

సొంత వ్రాతపనిలో ఈ అలవాటు వలన కలిగే నష్టం స్వల్పం కావచ్చును. కాని సాఫ్ట్‌వేరును పరీక్షించే సాఫ్ట్‌వేరు ఇదే హెచ్చరిక చేసినప్పుడు సంగతి వేరు. స్వయంచాలక పరీక్ష అంటే ఏమిటో రెండు మాటలలో చెప్పుతాను. ఒక కార్యక్రమానికి, అనగా ప్రోగ్రాముకు, ఏదో మార్పు చేస్తాము. ఆ మార్పు వలన పాత పనులు చెడలేదని రూఢి చేసుకొనవలెను. ప్రతిసారీ మనిషి కూర్చుని అన్నీ చూడలేడు. అందుచేత మరొక ప్రోగ్రాము వ్రాసి, దానికి కొన్ని ప్రశ్నలూ, వాటికి రావలసిన జవాబులూ ఫైళ్ళలో వ్రాసి ఇస్తాము. అది రాత్రివేళ తానే ప్రశ్నలు వేసి, వచ్చిన జవాబులను తనవద్ద ఉన్న జవాబుల పత్రంతో సరిచూచి, తెల్లవారేసరికి నివేదిక సిద్ధం చేస్తుంది. పరీక్షలో విద్యార్థి తప్పు వ్రాస్తే మార్కులు తగ్గుతవి, అంతే. కాని ఉపాధ్యాయుని చేతిలోని జవాబుల పత్రమే మారిపోతే? అప్పుడు తప్పు ఒప్పు అవుతుంది, ఒప్పు తప్పు అవుతుంది, ఎవరికీ తెలియదు కూడా. కనుకనే మంచి పరీక్షా సాఫ్ట్‌వేరు తన ఫైళ్ళను తానే కాపలా కాస్తూ, ఏది మారినా "ఇది మారినది" అని కేక వేస్తుంది.

ఆ కేకను పెడచెవిని పెట్టినందువలన ఏమి జరిగినదో నా అనుభవమే చెప్పవలసి ఉన్నది.

నేడు రేడియోలో రికార్డింగులన్నీ కంప్యూటరు ద్వారానే ప్రసారమవుతున్నవని శ్రోతలు ఎరిగినదే. ప్రతి రికార్డింగు నిడివి ఎంతో ఒక జాబితాలో వ్రాసి ఉంటుంది. ఆ నిడివి ముగియగానే యంత్రం ధ్వనిని మెల్లగా తగ్గించి తరువాతి అంశాన్ని అందుకొంటుంది. నేను పనిచేసిన ఒక కేంద్రంలో ఈ జాబితాలను ప్రతి రాత్రి రెండు గంటలకు ఒక పరీక్షా ప్రోగ్రాము సరిచూచేది. ఉదయాన్నే నివేదిక వచ్చేది: "మార్పు చెందిన ఫైళ్ళు 41." వాటిని ఎవరూ ముట్టలేదు. మొదటి వారం అందరమూ కంగారుపడి ఒక్కొక్కటే తెరచి చూచినాము. పంక్తి పంక్తిగా చదివినా తేడా కనబడలేదు. రెండవ వారం సగం చూచినాము. మూడవ వారం నుండి, ఉదయం విధిలో ఉన్నవారు నివేదిక తెరచి "అన్నిటినీ అంగీకరించు" అనే మీట నొక్కడం, టీ త్రాగడం వలెనే, దినచర్యలో ఒక భాగమైపోయినది.

ఒకనాడు నిడివుల జాబితాను తెరచి బల్లమీద అట్లాగే వదలి నేను స్టూడియోలోకి వెళ్ళినాను. ఆ గంటలో నా సహోద్యోగి తన గది నుండి అదే జాబితాలో ఒక దిద్దుబాటు చేసినారు. పాత బుర్రకథ రికార్డింగు ఒకటి 29 నిమిషాలు ఉండగా జాబితాలో 21 అని పడినది. దానిని ఆయన సరిచేసినారు. నేను తిరిగి వచ్చి, మరెక్కడో ఒక పంక్తి చేర్చి, భద్రపరచబోయినాను. ఎడిటరు ఆ ప్రశ్న వేసినది. ఆలోచన లేకుండా "నా ప్రతినే ఉంచు" అన్నాను. 29 మరల 21 అయినది. ఆ రాత్రి పరీక్ష తన విధి తాను నిర్వర్తించినది. మరునాటి నివేదికలో 41కి బదులు 42 ఉన్నది. ఎవరు లెక్కపెట్టినారు? అంగీకరించినాము. సాయంకాలం 21వ నిమిషాన కథకుని గొంతు మెల్లగా సన్నగిల్లినది; మిగిలిన 8 నిమిషాలు వాద్య సంగీతం వినబడినది. ఆ కథకుడు అంతకు ముందటి సంవత్సరమే కాలధర్మం చెందినారు. రాత్రి ఎనిమిది దాటిన తరువాత ఆయన కుమార్తె ఫోను చేసి, "ఊళ్ళో అందరం కూర్చుని వింటున్నామండీ, మంగళం రాకుండానే నాన్నను ఆపివేసినారేమి?" అని అడిగినది. కోపంగా అడిగి ఉంటే సమాధానం చెప్పడం సులభమయ్యేది.

ఆ పొరపాటు నా చేతిది. కాని దానిని పట్టుకొనవలసిన హెచ్చరిక ఉండి కూడా పనికిరాకపోయినది; 41 అబద్ధపు కేకల మధ్య ఒక నిజమైన కేక పడిపోయినది. ఆ 41 ఎక్కడి నుండి వచ్చినవో తేల్చకుండా లేవకూడదని ఇంజనీరు మిత్రుడూ, నేనూ కూర్చున్నాము. నేను ఇంజనీరును కాను. ఆ కొద్ది రోజులలో తెలుసుకొన్నది సామాన్య భాషలో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ఫైలు మారినదని యంత్రానికి ఎట్లా తెలుస్తుంది? రెండు మార్గాలున్నవి. ఇంటికి వచ్చిన ఉత్తరాన్ని కవరు మీది తపాలా ముద్ర చూచి క్రొత్తదా పాతదా అని చెప్పవచ్చును; లేదా కవరు చించి ఉత్తరం చదివి చెప్పవచ్చును. ప్రతి ఫైలు మీదా కంప్యూటరు చివరి మార్పు జరిగిన వేళను, ఫైలు పరిమాణాన్ని వ్రాసి ఉంచుతుంది. అదే తపాలా ముద్ర. దానిని చూడడం క్షణంలో పని. లోపలి విషయమంతా చదివి పోల్చడం ఎక్కువ పని. అందుకు ఉపయోగపడేది సారాంశ సంఖ్య. షా-256 అనే గణిత పద్ధతి ఎంత పెద్ద ఫైలునైనా చదివి 64 అక్షరాల ఒక గుర్తును తయారుచేస్తుంది. ఫైలులో ఒక్క కామా మారినా ఆ గుర్తు గుర్తుపట్టరానంతగా మారిపోతుంది. కనుక హెచ్చరిక రాగానే అడుగవలసిన మొదటి ప్రశ్న ఇది: హెచ్చరించినవాడు ముద్ర చూచి చెప్పుచున్నాడా, ఉత్తరం చదివి చెప్పుచున్నాడా? ఈ ఒక్క ప్రశ్నతోనే సగం చిక్కు విడిపోతుంది.

ముద్రను నమ్మే సంప్రదాయం పాతది. 1976లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ అనే ఆయన గదికి స్టీవ్ జాన్సన్ అనే సహోద్యోగి తన అదృష్టాన్ని తిట్టుకొంటూ వచ్చినాడట. ప్రోగ్రాములోని తప్పును ఆయన అప్పటికే దిద్దినాడు. కాని దిద్దిన ఫైలును యంత్రభాషలోనికి మరల మార్చడం మరచినాడు. సరిగా ఉన్న ప్రోగ్రాములో తప్పు వెదకుతూ ఒక ఉదయమంతా వ్యర్థమైనది. దాని ఫలితంగా ఫెల్డ్‌మన్ వ్రాసినదే 'మేక్' అనే పరికరం. అది మూలం మీది వేళనూ, దాని నుండి తయారైన ఫైలు మీది వేళనూ పోల్చి, మూలమే క్రొత్తదైతే మరల తయారుచేస్తుంది. ఇంత చిన్న ఆలోచనకు 2003లో అమెరికా కంప్యూటరు శాస్త్రజ్ఞుల సంఘమైన ఏసీఎం వారి సాఫ్ట్‌వేరు పురస్కారం లభించినది. నా ఉద్దేశంలో అది న్యాయమే. తరువాత వచ్చిన పరికరాలలో అనేకం ఈ దారినే నడచినవి. అయితే ఈ దారి అంతా ఒక నమ్మకం మీద ఆధారపడి ఉన్నది: గడియారాలన్నీ ఒకే వేళ చెప్పుతవని.

గడియారాల సంగతి రేడియోవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. వార్తలకు ముందు వినిపించే సమయసూచక ధ్వనులను విని గడియారం దిద్దుకొనే శ్రోతలు ఇప్పటికీ ఉన్నారు. ఫైళ్ళు ఒక యంత్రం మీద, వాటిని పరీక్షించే ప్రోగ్రాము మరొక యంత్రం మీద ఉన్నప్పుడు, రెండింటి గడియారాలకూ మూడు నిమిషాలు తేడా ఉంటే, ఇప్పుడే వ్రాసిన ఫైలు రాబోయే కాలంలో వ్రాసినట్లు కనబడుతుంది. అట్టిది ఎదురైనప్పుడు 'మేక్' పరికరం గడియారాలు కలియడం లేదని హెచ్చరిస్తుంది కూడా. ఎన్‌టిపి అనే పద్ధతిలో యంత్రాలు ఒకదానినొకటి అడిగి వేళను సరిచేసుకొంటవి; డేవిడ్ మిల్స్ దానిని 1985లోనే ప్రకటించినారు. మా కేంద్రంలోనూ ఆ ఏర్పాటు ఉన్నది. ఒక యంత్రంలో మాత్రం ఎవరో ఎప్పుడో దానిని ఆపి, మరల పెట్టడం మరచినారు.

గడియారాలు సరిగా ఉన్నా వేళను వ్రాసే పద్ధతిలో తేడా రావచ్చును. ఫ్యాట్ అనే పాత ఫైలు వ్యవస్థ చిన్న పెన్‌డ్రైవులలో నేటికీ వాడుకలో ఉన్నది. అది గంటలు, నిమిషాలు, సెకన్లు మూడింటినీ కలిపి 16 గడులలో ఇరికిస్తుంది. గంటలకు 5, నిమిషాలకు 6 పోగా సెకన్లకు మిగిలేవి 5 గడులు. అయిదు గడులలో 32 అంకెలకు మించి పట్టవు. 60 సెకన్లు ఎట్లా పట్టించడం? రెండేసి సెకన్లకు ఒక అంకె. కనుక 7వ సెకనున భద్రపరచిన ఫైలును పెన్‌డ్రైవు మీదికి ఎత్తగానే దాని వేళ 8వ సెకను కావచ్చును. మనిషి కంటికి ఇది తేడాయే కాదు. ముద్రను మాత్రమే చూచే ప్రోగ్రాముకు మార్పే. ఇందుకనే ఫైళ్ళను నకలు చేసే ఆర్‌సింక్ వంటి పరికరాలలో, ఒకటి రెండు సెకన్ల తేడాను తేడాగా లెక్కింపవద్దని ముందే చెప్పే వీలు కల్పించినారు.

అంతకంటె విచిత్రమైనది మరొకటి. ఫ్యాట్ వ్యవస్థ స్థానిక కాలాన్ని వ్రాస్తుంది. అది ఏ దేశపు కాలమో వ్రాయదు. హైదరాబాదులో ఉదయం పదింటికి వ్రాసిన ముద్రను, అది గ్రీనిచ్ కాలమని భావించే యంత్రం చదివితే, ఫైలు మన సాయంకాలం మూడున్నరకు మారినట్లు లెక్కకట్టుతుంది. పాశ్చాత్య దేశాలలో వేసవికి గడియారాలను ఒక గంట ముందుకు జరుపుకొనే ఆచారం ఉన్నది. ఆ రోజున విండోస్ యంత్రాలలో కారణం లేకుండా ఈ హెచ్చరిక రావచ్చునని విమ్ అనే ప్రసిద్ధ ఎడిటరు యొక్క సహాయ గ్రంథమే చెప్పుతున్నది. మనకు ఆ ఆచారం లేదు కనుక మన అనుమానపు అంకె వేరు. తేడా సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు ఉంటే ఫైలును ఎవరూ మార్చలేదని, దాని మీది వేళను ఎవరో తప్పుగా చదివినారని అనుకొనవచ్చును. మా 41లో అయిదు ఇట్టివే. పల్లెలకు వెళ్ళి రికార్డు చేసి తెచ్చే బృందం పెన్‌డ్రైవు ద్వారా ఇచ్చిన ఫైళ్ళవి.

మిగిలినవాటిలో అత్యధిక భాగం ముద్రకు కాదు, ఉత్తరానికే సంబంధించినవి. లోపలి బైట్లు నిజంగానే మారినవి. కాని చదివితే తేడా తెలియదు. ఇది ఎట్లా సాధ్యం?

దీనికి సమాధానం కోసం పాత వార్తావిభాగంలోని టెలిప్రింటరు దగ్గరకు వెళ్ళవలె. ఆ యంత్రాన్ని నేను పనిచేస్తూ చూడలేదు. మూలగదిలో దుమ్ము కొట్టుకొని ఉన్నదానిని మాత్రమే చూచినాను. పెద్దలు దాని చప్పుడును ఇప్పటికీ అనుకరించి చూపుతారు. ఒక పంక్తి ముగిసిన తరువాత అది రెండు పనులు చేయవలసి ఉన్నది. అచ్చువేసే భాగం కుడికొస నుండి ఎడమకొసకు తిరిగి రావలె; కాగితం ఒక పంక్తి పైకి జరుగవలె. వీటికి వేరు వేరు ఆజ్ఞలు. ఆస్కీ అనే అక్షర సంకేతంలో మొదటిది 13, రెండవది 10. అచ్చుభాగం తిరిగి రావడానికి ఒక అక్షరం అచ్చుపడే కాలం చాలదు కనుక, రెండు ఆజ్ఞలు వరుసగా పంపడం వలన ఆ వ్యవధి కూడా కలిసివచ్చేది. టెలిప్రింటర్లు పోయినవి, ఆజ్ఞలు మిగిలినవి. సీపీఎం, ఆ దారిన ఎంఎస్-డాస్, ఆ తరువాత విండోస్ ప్రతి పంక్తి చివరా 13, 10 రెండింటినీ వ్రాస్తూ వచ్చినవి. యూనిక్స్, దాని సంతతి అయిన లైనక్స్ 10 ఒక్కటే చాలునన్నవి. తెర మీద రెండూ ఒకే విధంగా కనబడతవి. కాని 600 పంక్తుల ఫైలును ఒక లోకం నుండి మరొక లోకానికి మార్చితే అది 600 బైట్లు పెరుగుతుంది లేదా తగ్గుతుంది. దాని సారాంశ సంఖ్య పూర్తిగా మారిపోతుంది.

మా కేంద్రంలో జరిగినది ఇదే. జాబితాల పాత ప్రతులన్నీ గిట్ అనే వ్యవస్థలో ఉంటవి. లైనక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ 2005లో రచించిన ఈ గిట్, ఏ ఫైలు ఎప్పుడు ఎవరిచేత మారినదో చరిత్ర వ్రాసి ఉంచుతుంది. విండోస్ యంత్రాలవారి సౌకర్యం కోసం, ఫైలును బయటకు ఇచ్చేటప్పుడు పంక్తి చివర 13ను చేర్చి, తిరిగి తీసుకొనేటప్పుడు తొలగించే ఏర్పాటు అందులో ఉన్నది. క్రొత్తగా కొన్న విండోస్ కంప్యూటరులో ఆ ఏర్పాటు పెట్టి ఉన్నది. రాత్రి పరీక్ష జరుగుతున్నది ఆ కంప్యూటరు మీద. సరిపోల్చవలసిన సారాంశ సంఖ్యలు వ్రాసి ఉంచినది లైనక్స్ యంత్రం. ఇద్దరూ సత్యవాదులే, ఇద్దరి మాటా కలియదు. ఈ జాతిని గుర్తుపట్టడానికి మా మిత్రుడు చూపిన ఉపాయం నాకు మిక్కిలి నచ్చినది: రెండు ప్రతుల పరిమాణాల తేడాను, ఫైలులోని పంక్తుల సంఖ్యతో పోల్చడం. రెండూ ఒకే అంకె అయితే మరేమీ చూడనక్కరలేదు. ఒక జాబితాలో 212 పంక్తులు, తేడా 212 బైట్లు. మరొక దానిలో 87, తేడా 87. ఇట్లా 33 ఫైళ్ళు ఒక్క పూటలో తేలిపోయినవి. చికిత్స కూడా సులభమే. ఏ రకపు ఫైలుకు పంక్తి చివర ఏది ఉండవలెనో గిట్‌లో ఒక పత్రం వ్రాసి జాబితాలతోపాటే ఉంచినాము. అటుపైన ఏ యంత్రపు ఇష్టాయిష్టాలతోనూ పనిలేదు.

తేడా సరిగ్గా మూడు బైట్లు ఉన్నప్పుడు మరొక కారణం ఉన్నది. యూనికోడు పద్ధతిలో వ్రాసిన ఫైలు మొదట, "ఇది యూటీఎఫ్-8" అని తెలిపే కంటికి కనబడని మూడు బైట్ల గుర్తును కొన్ని ఎడిటర్లు చేర్చుతవి. విండోస్‌లోని నోట్‌ప్యాడు చాలాకాలం ఇట్లా చేర్చి, 2019లో మానుకొన్నది. తెలుగులో ఫైళ్ళు వ్రాసేవారికి ఇది తరచు ఎదురవుతుంది.

తెలుగు మాట వచ్చినది కనుక, మన లిపికే సొంతమైన ఒక వింత చెప్పకుండా ఉండలేను. యూనికోడులో ఐత్వానికి, అనగా 'కై'లోని గుర్తుకు, రెండు రూపాలున్నవి. ఒకటి మొత్తం కలిపి ఒకే సంకేతం. మరొకటి ఎత్వం ఒక సంకేతంగా, దాని క్రింద వేసే భాగం మరొక సంకేతంగా విడదీసినది. రెండూ సమానమని యూనికోడు వారు శాసించినారు. తెర మీద రెండూ ఒకటే. కాని మొదటిది మూడు బైట్లు, రెండవది ఆరు. తెలుగు గుర్తులలో ఇట్టి ద్విరూపం ఉన్నది ఐత్వం ఒక్కటే. ఆపిల్ వారి మ్యాక్ కంప్యూటర్లలో 2017 వరకు ప్రధానంగా వాడిన ఫైలు వ్యవస్థ, ఫైళ్ళ పేర్లను విడదీసిన రూపంలోనే వ్రాసేది. అటువంటి పాత మ్యాక్ ఒకటి మా సంకలన గదిలో ఉన్నది. అక్కడ 'కైలాసం' అని పేరు పెట్టిన ఫైలు లైనక్స్ యంత్రానికి వచ్చేసరికి, అంతకు ముందే అక్కడ ఉన్న 'కైలాసం' ప్రక్కన మరొక 'కైలాసం'గా నిలిచినది. ఒకే ఫోల్డరులో, ఒకే పేరుతో, రెండు ఫైళ్ళు! మొదటిది ప్రమాణపు ప్రతి, రెండవది దిద్దిన ప్రతి. ఒకటి అదృశ్యమైనదని, ఒకటి క్రొత్తగా వచ్చినదని పరీక్ష మొరపెట్టుకొన్నది. 'శాంతి', 'వసంతం' వంటి పేర్లు గల ఫైళ్ళకు ఏ బాధా లేదు. 'కైలాసం', 'వైశాఖి' రెండింటికే వచ్చినది. అదేమి చోద్యమని ఒక దినమంతా తలపట్టుకొన్న తరువాత, రెండింటిలోనూ ఐత్వం ఉన్నదని గమనించినది నేనేనని చెప్పుకోవడానికి కొంత గర్వంగానే ఉన్నది. ఇంజనీరుకు కనబడనిది తెలుగు చదువుకున్నవాడికి కనబడినది. ఇప్పుడు పేర్లన్నిటినీ కలిపిన రూపంలోనికి మార్చిన తరువాతనే పోల్చుతున్నాము.

ఇంక మిగిలినది ఒక్కటి. అది అన్నిటికంటె కొంటెది. ఆ ఫైలును మార్చుచున్నది పరీక్షా ప్రోగ్రామే! పరీక్ష ముగిసిన వేళను ఎక్కడ వ్రాయవలెనో తెలియక, ఎవరో దానిని జాబితాల ఫోల్డరులోనే ఒక ఫైలులో వ్రాయించినారు. రాత్రి పరీక్ష దానిని వ్రాస్తుంది; మరుసటి రాత్రి పరీక్ష, నిన్న తాను వ్రాసినదే చూచి, ఎవరో మార్చినారని కేక వేస్తుంది. ఇంతకంటె చిక్కు సందర్భాలు ఉన్నవి. కొన్ని పరీక్షా సాఫ్ట్‌వేర్లు ఫైలు మారగానే పరీక్షను మరల మొదలుపెట్టుతవి. అట్టివి తమ ఫలితాన్ని తాము కాపలా కాసే ఫోల్డరులోనే వ్రాస్తే, వ్రాయడం, మారినదనడం, మరల పరీక్షించడం, మరల వ్రాయడం — కుక్కపిల్ల తన తోకను తాను తరిమినట్లు తెల్లవార్లూ సాగుతుంది. ఫలితాలకు వేరే చోటు కేటాయించడమే దీనికి మందు.

ఈ సందర్భంలోనే మరొక పద్ధతిని గురించి చెప్పవలె. జెస్ట్ అనే పరీక్షా సాధనం 2016లో ఒక సౌకర్యం తెచ్చినది. జవాబుల పత్రాన్ని మనిషి వ్రాయనక్కరలేదు. మొదటిసారి వచ్చిన జవాబునే ఛాయాచిత్రం వలె భద్రపరచి, తరువాతి జవాబులను దానితో పోల్చుతుంది. తేడా వస్తే మనిషి పరిశీలించి, క్రొత్తదే సరియైనదని తోచితే ఒక మీట నొక్కి పాత చిత్రాన్ని మార్చవచ్చును. సౌకర్యం గొప్పదే. కాని "అన్నిటినీ అంగీకరించు" అనే మీట ప్రమాదం ఎంతటిదో నాకు తెలుసును. మనుషులు లేని వేళ నడిచే పరీక్షలలో క్రొత్త చిత్రాలను తనంతట తాను వ్రాయకుండా కట్టడి చేసే ఏర్పాటు కూడా జెస్ట్‌లో ఉన్నది. ఆ కట్టడిని పెట్టకుండా రాత్రి పరీక్షలు నడపడం తెలివైన పని కాదని నా అభిప్రాయం.

ఇన్ని కారణాలుండగా, తన ఎదుట ఉన్నది వీటిలో ఏదో సామాన్యుడు ఎట్లా తెలుసుకొనవలె? మేము అనుసరించిన వరుస చెప్పుతాను. మొదట ఏ మీటా నొక్కక, ఆ ఫైలును ఉన్నది ఉన్నట్లుగా మరొకచోట నకలు తీసినాము. అంగీకరించిన తరువాత సాక్ష్యం ఉండదు. పిమ్మట పాత ప్రతికీ, క్రొత్త ప్రతికీ సారాంశ సంఖ్యలు కట్టి చూచినాము. సంఖ్యలు ఒకటే అయితే ముద్ర మాత్రమే మారినది: గడియారాన్నో, పెన్‌డ్రైవునో, నకలు తీసిన పద్ధతినో అనుమానించవలె. సంఖ్యలు వేరైతే పరిమాణాల తేడా చూడవలె. పంక్తుల సంఖ్యకు సమానమా, మూడా, మరొకటా? ఈ రెండు మెట్లు ఎక్కేసరికే మాకు అధికభాగం తేలినది.

అప్పటికీ తేలనివాటిని, పరీక్షను ఒక రాత్రి అసలు నడపకుండా వదలి చూచినాము. అయినా మారితే దోషి బయటివాడు: తనంతట తాను భద్రపరచే ఎడిటరు, రెండు యంత్రాల ఫైళ్ళను ఒకటిగా ఉంచే ప్రోగ్రాము, ఇట్టివారెవరో. మారకపోతే దోషి పరీక్షలలోనే ఉన్నాడు. పరీక్షలను సగానికి సగం నడుపుతూ పోతే వాడు దొరుకుతాడు. 64 పరీక్షలున్నా ఆరు సార్లలో ఒకదానికి వస్తాము.

మరొక ఉపాయం ఉన్నది, కొంచెం గడుసుది. ఫైలును చదవడానికే తప్ప వ్రాయడానికి వీలులేకుండా చేసి ఊరకుండడం. దొంగచాటుగా వ్రాయబోయిన ప్రోగ్రాము వ్రాయలేక తానే పేరు చెప్పి అరుస్తుంది. అయితే ఇది అన్ని వేళలా పారదు. చాలా ఎడిటర్లు భద్రత కోసం పాత ఫైలులో వ్రాయవు. ప్రక్కన క్రొత్త ఫైలు వ్రాసి, దానికి పాత పేరు పెట్టి పాతదానిని తీసివేస్తవి. యూనిక్స్ జాతి యంత్రాలలో ఇందుకు ఫోల్డరు మీద అధికారం ఉంటే చాలును, ఫైలు మీద అక్కరలేదు. ఇంటి పేరుపలక అదే, ఇల్లు మాత్రం వేరు. పాత ఇంటిని కాపలా కాసేవాడికి ఏమీ తెలియదు. ఇట్టి చోట నిఘా ప్రోగ్రాముల సాయం తీసుకొనవలె. లైనక్స్‌లో 2005 నుండి ఉన్న ఐనోటిఫై ఫైలు మారిన క్షణాన్ని చెప్పుతుంది కాని మార్చినదెవరో చెప్పదు. అందుకు ఆడిట్ అనే వేరొక ఏర్పాటు ఉన్నది. విండోస్‌లో ప్రాసెస్ మానిటర్ అనేది ఏ ప్రోగ్రాము ఏ ఫైలును ఎప్పుడు ముట్టినదో వరుసగా వ్రాసి చూపుతుంది. దాని వ్రాతలు వేలసంఖ్యలో ఉంటవి కనుక, మనకు కావలసిన ఫైలు పేరును ముందుగానే చెప్పి వడకట్టుకొనడం మంచిది.

హెచ్చరికలను ఆపివేస్తే పోదా అని అడిగినవారూ ఉన్నారు. ఆపడానికి మీట ఉన్నమాట నిజమే. మా మిత్రుడు అందుకు ఒప్పుకొనలేదు. ఆ 41 తేలేవరకు ఆయన ఎనిమిది రోజులు తీసుకొన్నారు. తొమ్మిదవ రోజు ఉదయం నివేదికలో సున్నా కనబడినది. "అన్నిటినీ అంగీకరించు" అనే మీటను తెర మీద నుండి తీసివేయించినారు. ఇప్పుడు ఒక్కొక్క ఫైలునే తెరచి, తేడా చూచి, పేరు వ్రాసి అంగీకరించవలె. మొదట అందరూ విసుక్కొన్నారు. తరువాత మూడు నెలలకు ఒక ఉదయం నివేదికలో 1 అని వచ్చినది. విధిలో ఉన్న అమ్మాయి టీ గ్లాసు అక్కడే పెట్టి మమ్మల్ని పిలిచినది. నలుగురం చుట్టూ చేరి చూచినాము. ఒక హరికథ నిడివిలో 45 ఉండవలసిన చోట 54 అని ఉన్నది. ప్రసారానికి ఇంకా పదకొండు గంటల వ్యవధి ఉన్నది.

ఆ బుర్రకథను మరల ప్రసారం చేసినాము. కథకుని కుమార్తెకు ముందురోజే ఫోను చేసి వేళ చెప్పినాను. ఆ సాయంకాలం నాకు విధి లేదు. అయినా ప్రసార గదిలో కూర్చుని, 21వ నిమిషం దాటేవరకు గడియారం చూస్తూ, ఆ తరువాత చూడడం మాని, మంగళం వరకూ విన్నాను.